మునిరత్నం సారు వేసిన ఒక్క ఓటు

నిన్న నగరి బస్టాండులో వేడి మసాలా వడలు కొన్నాను. నూనె వాసన కొడుతున్న పొట్లం విప్పితే, ఆ కాగితం మీద ఎవరో మాజీ అమెరికా ఉపాధ్యక్షుడు పోయాడన్న వార్త. పేరున్న చోట నూనె ఇంకిపోయి అక్షరం కూడా కనబడలేదు. నాకు మాత్రం మా సోషల్ టీచరు మునిరత్నం సారు కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డారు.

మా ఊరి హైస్కూల్లో ఆయన ఏళ్ళ తరబడి హెడ్మాస్టరు తర్వాతి మనిషి. హెడ్మాస్టరు సెలవు పెడితే ఇన్‌చార్జి, తిరిగొస్తే మళ్ళీ మామూలు సోషల్ సారు. అందుకేనేమో, అమెరికా పాఠం వస్తే అధ్యక్షుణ్ణి రెండు ముక్కల్లో ముగించి పీరియడంతా ఉపాధ్యక్షుడి దగ్గరే గడిపేవారు. "పెద్దాయన పేరు అందురూ చెప్తారు. పక్కన కూసున్నోడి పేరు చెప్పండి సూద్దాం," అనేవారు. మేం నోరెళ్ళబెడితే ఆయనకు భలే సంతోషం. "సెనేట్లో పెద్ద కుర్చీ ఆయనదే. ఓటు మాత్రం లేదు. రెండు పక్కలా సమానమైతేనే ఓటొస్తాది. అంతవరకూ గమ్మున కూసోని అందురి మాటా ఇనాల." ఆయనకు 'అమెరికా సారు' అని పేరు పెట్టి వెనకాల నవ్వుకునేవాళ్ళం.

నేను పదో తరగతిలో ఉండగా నాయన కామెర్లతో మంచం పట్టాడు. మరమగ్గం దగ్గర నేను నిలబడ్డాను. నలభై రోజులు బడికి పోలేదు. హాజరు చాలదు, పరీక్షకు పంపలేమన్నారు. మా క్లాసు హాజరు వేసేది మునిరత్నం సారే. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయి, "ఆ పుస్తకంలో కొన్ని దినాలు దిద్దేయండి సార్, ఎవురికి తెలస్తాది?" అని బతిమాలింది. "నేనేసిన ఆబ్సెంటు నేనే దిద్దితే, రేపు ఆ పుస్తకాన్ని ఎవురు నమ్ముతారమ్మా?" అన్నారాయన. ఆ పూట ఆయన్ని ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

పరీక్షకు వెళ్ళేవాళ్ళ జాబితా పంపాల్సిన రోజు హెడ్మాస్టరు మీటింగని చిత్తూరు వెళుతూ, నా సంగతి టీచర్లనే తేల్చమని చెప్పిపోయారు. సారు ఇన్‌చార్జి. నేనూ అమ్మా వరండాలో కూర్చున్నాం. కిటికీలోంచి మాటలన్నీ వినబడుతున్నాయి. నన్ను పంపాలని నలుగురు, వద్దని నలుగురు. పంపకపోతే నా చదువు అంతటితో సరి, మగ్గం ఎలాగూ ఇంట్లోనే ఉంది. "ఆబ్సెంటు ఏసింది మీరే గదా సార్, మీ ఓటు యాడికో తెలిసిందే," అన్నారు లెక్కల సారు. నేను లేచి కిటికీ పక్కకు జరిగాను.

"నలభై దినాలు ఆబ్సెంటు ఏసినాను," అన్నారు మునిరత్నం సారు. "బిడ్డ ఎందుకు రాలేదని ఒక్క దినమన్నా వాళ్ళింటికి పోయి అడిగినానా? తప్పు ఆ పాప ఒక్కదానిదే కాదప్పా. పంపిస్తాం. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పండి."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. బయటికొచ్చిన సారు నా మొహం చూసి, "ఏడిస్తే సోషల్లో మార్కులు రావు, పో, సదువుకో," అని కసిరారు. హాజరు పుస్తకంలో ఆ ఆబ్సెంట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. తన తప్పు తోటివాళ్ళందరి ముందూ ఒప్పుకున్న పెద్దమనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆయన హెడ్మాస్టరు కాకుండానే రిటైరయ్యారు. ఇప్పుడు లేరు. నేను చంద్రగిరి దగ్గర టీచరుగా పనిచేస్తున్నాను. ఆబ్సెంటు నిక్కచ్చిగానే వేస్తాను. వరసగా మూడోది పడిందంటే ఆ సాయంత్రం ఆ బిడ్డ ఇల్లు వెతుక్కుంటూ పోతాను. మొన్న ఒక తలుపు తడితే లోపలినుంచి పిల్ల గొంతు వినబడింది. "అమ్మా, టీచరొచ్చినాది! కొడతాదేమో!"

"కొట్టనులే, ఎందుకు రాలేదో చెప్పు," అని వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను.