శొంఠి తవ్వుకున్న వేరు

మొన్న ఉదయం కాఫీ కలుపుతుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎదుటి ఫ్లాట్ అమ్మాయి, చంకలో తెల్లపిల్లి. పిల్లి మెడలో చిన్న గంట, పిల్ల కళ్ళలో నీళ్ళు. "ఆంటీ, ఇది నిన్నటినుంచి ఏమీ తినట్లేదండి. మీకు పిల్లులకిచ్చే చెట్టుమందులు తెలుసని అంకుల్ చెప్పారు," అంది. అంకుల్ అంటే మావారు. మా మూలికల కొట్టు ఎత్తేశాక ఆయనకు పొద్దుపోక, లిఫ్టులో దొరికినవాళ్ళకల్లా మా ఇంటి చరిత్ర చెబుతుంటారు. "ముందు డాక్టరుకి చూపించమ్మా, నాకు తెలిసింది చాలా తక్కువ," అని పంపించాను. నిజమే చెప్పాను. నాకు తెలిసింది ఒకే ఒక్క మొక్క, అది కూడా ఒక పిల్లి పుణ్యమా అని తెలిసింది. అది మా బాల్కనీలో కరివేపాకు కుండీలో ఒక మూల పెరుగుతోంది. పనిమనిషి దాన్ని కలుపనుకుని పీకబోయినప్పుడల్లా వద్దని అడ్డుపడుతుంటాను.

ఆ పిల్లి పేరు శొంఠి. మా అత్తవారిది రాజమండ్రిలో మూలికల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక నుయ్యీ పెరడూ. తొంభైల నడుమ నేను జంగారెడ్డిగూడెం నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే శొంఠి అక్కడ పాతకాపు. కొట్టులో శొంఠి బస్తా మీద పడుకుంటే పిల్లి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది, అంత అచ్చుగుద్దినట్టు అదే రంగు. ఆ కొట్టు వాసన గురించి ఒక మాట చెప్పాలి. వస, పిప్పళ్ళు, కచ్చూరాలు, సాంబ్రాణి, అన్నీ కలిసి ఒక ఘాటు గాలి ఇల్లంతా తిరుగుతుండేది. పెళ్ళైన కొత్తలో తుమ్ములు ఆగేవి కావు. ఏడాది తిరిగేసరికి నా పట్టుచీరలు కూడా ఆ వాసనే పట్టేశాయి. పుట్టింటికి వెళితే మా అమ్మ బీరువా దగ్గరికి రానిచ్చేది కాదు.

కొట్లో పిల్లి ఎందుకంటే ఎలుకల కోసం. అతిమధురం వేళ్ళంటే ఎలుకలకు ప్రాణం. శొంఠి వాటి సంగతి చూసుకునేది. కానీ మాది నీసు ముట్టని ఇల్లు కావడంతో, పిల్లి కూడా శాకాహారే అని మా అత్తయ్యగారి వాదన. "చంపుద్దంతే, తినదు," అనేవారు. మరి చంపిన ఎలుక ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పూటపూటా పెరుగన్నం మెత్తగా పిసికి సత్తుగిన్నెలో పెట్టి, అది తినేదాకా పక్కన పీట వేసుక్కూచునేవారు. మనుషులతో ఆవిడకు మాటలు తక్కువ. మావయ్యగారితో "ఏవండీ, భోజనం" వరకే. నాతో అంతకన్నా తక్కువ. పిల్లితో మాత్రం ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకునేవారు. వంటింట్లో ఉండి ఆ కబుర్లు వింటూనే నేను మా చుట్టాల గుట్టుమట్లన్నీ తెలుసుకున్నాను.

నాకేమో చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ ఎందుకని అడిగే జబ్బుంది. కరక్కాయ ఎందుకు చేదు, కుంకుడుకాయకి నురగెలా వస్తుంది, పిల్లి చెవికి దెబ్బ తగిలితే వేపాకూ పసుపూ నూరి రాస్తారే, మరి అది నాక్కోకుండా ఉంటుందా? అన్నిటికీ అత్తయ్యగారిది ఒకటే జవాబు. "అదంతే." ఆ మాట దగ్గర తలుపు మూసుకుపోయేది. కోపం ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు. అంతకుమించి ఆవిడ దగ్గర చెప్పడానికేమీ లేదో, నాకు చెప్పాలని లేదో తెలిసేది కాదు. ఆ ఇంట్లో ఎవరూ నన్నొక ప్రశ్న అడగకపోవడం, నేనడిగిన దేనికీ జవాబు రాకపోవడం, ఈ రెండూ కలిసి కొత్తలో నన్ను బాగానే ఏడిపించాయి.

ఒక ఆషాఢం చివర్లో శొంఠి తిండి మానేసింది. గిన్నె దగ్గరకు వచ్చేది, మూతి పెట్టేది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. పొట్ట గట్టిగా, రాయిలా తగిలేది. అత్తయ్యగారు పసిపిల్లలకు చేసేవన్నీ దానికి చేశారు. వాము కాచిన నీళ్ళు ఉగ్గుగిన్నెతో పట్టారు. పొట్టమీద ఆముదం రాశారు. దిష్టి తీశారు. అది కదలకుండా ఆవిడ ఒళ్ళో పడుకుని, కళ్ళు సగం మూసుకుని అన్నీ చేయించుకుంది. అంతకుముందెప్పుడూ అది ఎవరి ఒళ్ళోనూ అంతసేపు ఉండలేదు. అది చూసే మాకు భయం వేసింది.

ఆ సమయానికే పక్క వీధి పిన్నిగారు ఒకావిడ వచ్చి, "కొట్లో పిల్లితేగలు పెట్టుకుని ఏడుస్తావేంటి వదినా? పిల్లికి పిల్లితేగలేగా!" అనేసి వెళ్ళారు. పిల్లితేగలంటే మేం తాటిబుర్రల్ని పాతరేసి తవ్వుకుతినే తేగలు కావు. తెల్లగా, సన్నగా, గుత్తులుగా ఉండే ఒక తీగ వేళ్ళు. ఎండబెట్టినవి మా కొట్లో డబ్బా నిండా ఉండేవి. అత్తయ్యగారికి ఆ మాట వెంటనే తలకెక్కింది. పేరులోనే ఉంది కదా! మావయ్యగారు కొట్లోంచి తొంగి చూసి, "అది బాలింతలకి పాలు పడాలని ఇచ్చేదే. పేరులో పిల్లి ఉంటే పిల్లి మందు అయిపోద్దా? అయితే ఏనుగుపల్లేరు కూడా ఉంది కొట్లో, ఏ ఏనుగుని తోలుకురమ్మంటావు?" అన్నారు. మావారు పక్కనుంచి గాడిదగడపాకు కూడా ఉందని గుర్తుచేశారు. నాకు నవ్వాగలేదు. కానీ అత్తయ్యగారు పిల్లితేగలు దంచి పాలలో కాచి చల్లార్చి తెచ్చారు. శొంఠి ఒకసారి వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది. మరి పిల్లికి పనికిరానిదానికి పిల్లి పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఆ గొడవలో కూడా నాకు అనుమానం వచ్చింది. ఇప్పటికీ తీరలేదు.

మావారు దాన్ని గంపలో పెట్టి గోనె కప్పి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. గేదెల మధ్య మా గంప చూసి అందరూ కోడిపుంజు అనుకున్నారు. డాక్టరుగారు మంచాయన. ఓపికగా పొట్ట నొక్కి చూసి, "లోపల ఏదో అడ్డం పడ్డట్టుందండి. ఇంజక్షన్ చేశాను. రేపటికి కదలకపోతే కోసి చూడాల్సిందే. ఇంత నీరసంలో తట్టుకుంటుందని చెప్పలేను," అన్నారు. మేం వచ్చేస్తుంటే పిలిచి, "మీది మూలికల కొట్టంట కదా. దయచేసి దీనిమీద మాత్రం ప్రయోగాలు చెయ్యకండి," అన్నారు. ఇంటికొచ్చి మావారు చెప్పిందంతా అత్తయ్యగారు నిలబడే విన్నారు. పిల్లిగిన్నె కడిగి బోర్లించారు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి శొంఠి లేదు. కొట్లో లేదు, బస్తాల వెనక లేదు, అటకమీద లేదు. పోయే ముందు పిల్లులు మనుషుల కంటబడకుండా వెళ్ళిపోతాయని అందరం విన్నవాళ్ళమే. అత్తయ్యగారు పెరటిగుమ్మంలో కూర్చుండిపోయి పమిటచెంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు ఆవిడమీద మొదటిసారి ప్రేమలాంటిది పుట్టింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఇక్కడ ఆ పెరడు గురించి చెప్పాలి. శ్రావణ శుక్రవారాలు వస్తున్నాయంటే అత్తయ్యగారు దోకుడుపార తీసుకుని పెరడంతా తనే గీసి, గడ్డిపరక లేకుండా చేసి పేడనీళ్ళు చల్లేవారు. మూలికలమ్మే ఇంట్లో పెరట్లో ఒక్క పచ్చిమొక్క ఉండేది కాదు, తులసి తప్ప. మావయ్యగారికి ఎండిన వేరు ఏదైనా కళ్ళు మూసుకుని వాసనతో చెప్పగలిగేంత అనుభవం. అదే మొక్క పచ్చగా ఎదురొస్తే పలకరించలేరు. ఆ ఏడు మాత్రం శొంఠి గొడవలో పడి అత్తయ్యగారు పెరడు ముట్టుకోలేదు. వానలకు నూతిగట్టు పక్కన తూము దగ్గర మోకాలెత్తు కలుపు లేచింది.

ఆ కలుపు కదిలింది. చూస్తే శొంఠి. ముందుకాళ్ళు రెండూ బురద. ఒక మొక్క మొదలు తవ్వి, వేరు పట్టుకుని కరకరా నములుతోంది. మేం దగ్గరకు వెళ్ళినా తలెత్తలేదు. కాసేపటికి వెల్లకిలా పడి, ఆ వేరుకి చెంపలు రుద్దుకుంటూ, చొల్లు కారుస్తూ దొర్లింది. తాగినవాడిలా ఉందని మావారు అన్నారు. ఆకులు కూడా కొన్ని తింది. తర్వాత లేచి, వీపు విల్లులా వంచి, ఒళ్ళంతా కుదుపుకుంటూ కక్కింది. వెంట్రుకలూ, గోనెసంచి నారా ఉండలు చుట్టుకుపోయి బయటపడ్డాయి. బస్తాలమీద పడుకుని ఒళ్ళు నాక్కోవడంలో ఎంత నార మింగిందో! ఆ తర్వాత అది ఏమీ జరగనట్టు గోడవారన ఎండలో కూర్చుని బురదకాళ్ళు శుభ్రం చేసుకోవడం మొదలెట్టింది.

అత్తయ్యగారు వంగి ఆ మొక్క తీసుకున్నారు. రంపపు అంచుల ఆకులు, కాడల పొడుగునా చిన్న చిన్న పచ్చదొప్పలు. అటూ ఇటూ తిప్పి చూసి, మావయ్యగారి చేతికిచ్చారు. ఆయన వాసన చూసి తల అడ్డంగా ఊపారు. అప్పుడావిడ నావైపు తిరిగారు. "ఇదేంటి అమ్మాయ్?"

ఆ ఇంట్లో నన్నడిగిన మొదటి ప్రశ్న అది. "కుప్పింటాకండి అత్తయ్యగారూ. మా అమ్మ గజ్జికి ఉప్పేసి నూరి రాసేది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మరి మన కొట్లో లేదేం?" అని ఆవిడ మావయ్యగారిని నిలదీశారు. "ఇది పచ్చిగానే వాడతారు కాబోలు. ఎండబెట్టి ఎవరూ తేలేదు," అని ఆయన సణుక్కుంటూ కొట్లోకి వెళ్ళిపోయారు. సాయంత్రానికి శొంఠి నాలుగు మెతుకుల పెరుగన్నం తింది. దాని ప్రాణం కాపాడిందెవరో మాత్రం ఎప్పటికీ తేలలేదు. ఇంజక్షనే అని మావారు. పిల్లితేగలు కాస్త ఆలస్యంగా పనిచేస్తాయి అంతేనని అత్తయ్యగారు. లంఖణమే పరమౌషధమని మావయ్యగారు. డాక్టరుగారినడిగితే, "పిల్లులు గడ్డీ గాదం తిని కక్కుకోవడం మామూలేనండి," అని నవ్వేశారు. ఆ వేరులో ఏముందో, ఎవరో పిలిచినట్టు అది తిన్నగా అక్కడికే ఎలా వెళ్ళిందో నాకెవరూ చెప్పలేదు. నేను మాత్రం అప్పటినుంచీ ఊళ్ళో కనబడిన పిల్లికల్లా ఆ వేరు చూపించి, అది దొర్లుతుందా లేదా అని చూస్తూ కొన్నాళ్ళు కొత్తకోడలి పరువు పోగొట్టుకున్నాను.

శొంఠి ఆ తర్వాత చాలాకాలం బతికి, ముసలిదై, తన బస్తామీదే నిద్రలో పోయింది. అత్తయ్యగారు ఇంకో పిల్లిని తేనివ్వలేదు. ప్రతి శ్రావణానికీ పెరడు గీసేవారు గానీ, తూము పక్క మూలకు వచ్చేసరికి దోకుడుపార పక్కన పెట్టేసేవారు. ఒకసారి అడిగాను. "పిల్లి లేదుగా అత్తయ్యగారూ, ఇంకా ఎందుకు ఉంచుతున్నారు?" ఆవిడ ఆ మూలకేసి చూస్తూ నెమ్మదిగా, "అదంతే," అన్నారు. ఆవేళ తలుపు మూసుకున్నట్టు అనిపించలేదు. ఇంకేమీ అడక్కుండా దోకుడుపార నేనందుకుని, ఆ మూల వదిలేసి మిగిలిన పెరడు గీశాను. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు, అప్పటికి ఆవిడ కూడా లేరు, ఒక మొక్క మట్టితో సహా తెచ్చి ఈ కుండీలో పెట్టాను. దాని విత్తనాలే ఏటా మొలుస్తున్నాయి.

ఎదుటి ఫ్లాట్ పిల్లికి డాక్టరు మందిచ్చాడు, తగ్గింది. నిన్న ఆ అమ్మాయి చెప్పడానికి వస్తే, పిల్లి చంకలోంచి దూకి తిన్నగా బాల్కనీలోకి పోయి కరివేపాకు కుండీలో మొహం పెట్టింది. అక్కడే అంట్లు తోముతున్న పనిమనిషి, "ఏంటమ్మగారూ అది? పిల్లి కూడా లేదు మీకు, ఆ మొక్క ఎందుకు ఉంచుతారు?" అంది. చెప్పబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి? శొంఠి దగ్గరా, బోర్లించిన సత్తుగిన్నె దగ్గరా, పెరటిగుమ్మంలో కళ్ళొత్తుకున్న ఆవిడ దగ్గరా?

"అదంతే," అన్నాను. ఆ ఒక్క మాటలో ఎంత ఇముడుతుందో ఆ ఇంటికి కొత్తకోడలిగా వెళ్ళినప్పుడు నాకు తెలియలేదు. తెలిసేసరికి ఇంత కాలం గడిచిపోయింది.