ఆ హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసింది విక్టర్ అన్నయ్య కాదు

నిన్న పొద్దున రావులపాలెం బస్టాండులో ఉండగా ఫోన్ మోగింది. మా షాపు పక్కన జిరాక్స్ ఆయన.

"విక్టర్ పోయాడమ్మా."

"ఏ విక్టర్ అండీ?" అని అడిగాను.

ఏ విక్టర్ అట! చూడండి నా బుద్ధి. నాలుగేళ్ళు ఆయన షాపులో పనిచేసిన దాన్ని.

గుండెనొప్పట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

బస్సులో సీటు ఉన్నా కూర్చోలేకపోయాను. నరసాపురం దాకా నిలబడే వచ్చాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. స్టేషన్ రోడ్డులో సీడీల షాపు, కంప్యూటర్ రిపేర్లు, మా విక్టర్ అన్నయ్యవే. సిస్టం మొరాయిస్తే ముందు దాని నెత్తిన తట్టి, "ఏమ్మా, ఎందుకంత కోపం?" అని అడిగేవారు. తర్వాతే స్క్రూడ్రైవర్ తీసేవారు. ఎదురుగా ఉన్న కస్టమర్ కూడా కోపం మర్చిపోయి నవ్వేసేవాడు.

ఇప్పుడు ఆ షాపులోనే ఉన్నాను. ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు, అది ఈ సిస్టంలో ఉంది. షట్టర్ సగం ఎత్తి కూర్చున్నాను. ఫ్యాన్ వేశాను, ఆపాను, మళ్ళీ వేశాను. ఈ ముక్క రాసేలోపు మూడుసార్లు లేచాను.

ఇంక తిన్నగా చెప్పేస్తాను.

మూడేళ్ళ కిందట మా సరోజినీ టీచర్ గారు ఒక మ్యూజిక్ ప్లేయర్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పట్టుకుని షాపుకొచ్చారు. నాకు ఎనిమిదో క్లాసులో లెక్కలు చెప్పారు. ఈ షాపులో ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. "ఈ ప్లేయర్‌కి ఈ డిస్కుని బ్యాకప్‌గా సెట్ చేసి పెట్టమ్మా, ఇంట్లో ఎంత చేసినా తీసుకోవట్లేదు" అన్నారు.

అన్నయ్య బయటికెళ్ళారు. కౌంటర్ దగ్గర జనం. డిస్క్ పెట్టి చూస్తే దాని ఫార్మాట్ వేరు, మారిస్తేనే బ్యాకప్ పనిచేస్తుంది.

"ఫార్మాట్ చెయ్యాలండి. డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, పరవాలేదాండీ?" అని అడిగాను.

"ఆయ్" అని, రెండూ నాకిచ్చేసి బజారుకెళ్ళారు టీచర్ గారు.

ఆయ్!

మన గోదావరోళ్ళ ఆయ్ సంగతి మీకు తెలుసు కదండీ. సరే అన్నా ఆయ్, వింటున్నాను అన్నా ఆయ్, నాకేం అర్థం కాలేదు గానీ మీరు చెప్పండి అన్నా ఆయ్. నేనూ ఇక్కడే పుట్టాను. నాకు తెలీదా? అయినా ఓకే నొక్కేశాను. లోపలేముందో ఒక్కసారి తెరిచి చూడలేదు.

అంతటితో ఆగానా? ఇరుగింటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ అలవాటు చేసింది. డిస్క్ ఖాళీగా ఇవ్వడం బాగోదనిపించి, షాపులో ఉన్న పాటలన్నీ దాన్నిండా ఎక్కించి, ఆవిడ తిరిగొచ్చాక ఇచ్చాను. టీచర్ గారు సంతోషిస్తారు కదా అని.

మర్నాడు ఆవిడ వచ్చి అన్నయ్యని అడిగారు. "మా సార్ పాటలేవండీ ఇందులో?"

సార్ అంటే ఆవిడ భర్త. పోయే ముందు ఏడాది హార్మోనియం వాయించుకుంటూ తనే కీర్తనలు పాడి ఆ ప్లేయర్‌లో రికార్డు చేసుకున్నారు. ప్లేయర్ నిండిపోయిందని ఆవిడ మేనకోడలు వాటినన్నిటినీ డిస్కులోకి మార్చేసి, ప్లేయర్ ఖాళీ చేసేసింది. ఇంకెక్కడా కాపీ లేదు.

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య కుర్చీలోంచి లేచారు.

"మీరటు వెళ్ళాక నేనే చేశానండి టీచర్ గారూ. చూసుకోలేదు. తప్పు నాదే."

ఆవిడ డిస్క్ కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళిపోయారు.

"ఎందుకలా చెప్పారన్నయ్యా?" అని ఏడ్చాను.

"నిన్ను ఇక్కడ పెట్టించింది ఆవిడ. ఆవిడ దగ్గర నీ మాట పోకూడదు. నాదేముందిలే, రెండ్రోజుల్లో ఆవిడే మర్చిపోతారు" అన్నారు.

మర్చిపోలేదు. అన్నయ్య వారాల తరబడి ఆ డిస్కుతో కుస్తీ పట్టారు. పోయిన ఫైళ్ళని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ వాడి చూశారు. పాత పాటల మీద నేను కొత్త పాటలు కుక్కేశాను కదా, ఏం దొరుకుతాయి? ఊళ్ళో మాత్రం "విక్టర్‌కిస్తే అన్నీ తుడిచేస్తాడు" అని పేరొచ్చింది. ఈ పోస్ట్ చదివేవాళ్ళలో కూడా కొందరు ఆ మాట అని నవ్వారు. అప్పుడు పక్కనే నేనున్నాను.

నిన్న సాయంత్రం టీచర్ గారు అన్నయ్య ఇంటికొచ్చారు. పక్కావిడతో అంటున్నారు, "మంచివాడే పాపం. నా విషయంలోనే అలా చేశాడు."

నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఛీ, ఎంత పిరికిదాన్నండీ నేను!

ఈ పొద్దున టీచర్ గారింటికి వెళ్ళాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెప్పేశాను. "ఫార్మాట్ చేసింది నేనండి. అన్నయ్య కాదు."

తిడతారనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

ఆవిడ అలాగే కుర్చీలో కూర్చుండిపోయారు.

"మూడేళ్ళమ్మా" అన్నారు. "ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఎదురొచ్చి 'వందనాలండి టీచర్ గారూ' అనేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. అయినా మానేవాడు కాదు."

చెప్పులు అప్పుడు విప్పాను.

"పెట్టె మూసేశారా?" అని అడిగారు.

"లేదండి. నాలుగింటికి సమాధుల తోటకి తీసుకెళ్తారు."

"అయితే నువ్వు పద. నేను చీర మార్చుకుని వస్తాను. ఒక్కసారైనా తిరిగి వందనాలు చెప్పాలి కదా."

అన్నయ్యా, మీరుండగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను, క్షమించండి.

టీచర్ గారు వస్తున్నారు. ప్రభువు దగ్గర హాయిగా నిద్రపోండి.