తెరచాప తాడుకు బర్రె ముడి

మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఊరు. పులికాట్ సరస్సు ఒడ్డుకు కోడలిగా వచ్చిన కొత్తలో మామయ్య నన్ను తెరచాప పడవ ఎక్కించారు. చాప కింది మూలకున్న తాడు నా చేతికిచ్చి, "గాలి పెరిగితే వదులు, తగ్గితే లాగు" అని చెప్పి తాను చుక్కాని పట్టుకున్నారు. కాసేపటికే నా అరచేతులు మండిపోయాయి. బర్రెను కట్టినట్టు తాడును పడవ కొయ్యకు బిగించేశాను.

అంతలో పెద్ద గాలి లేచింది. పడవ పక్కకు ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి.

"తాడు వదులమ్మా!"

"కట్టేసినాను మామా!"

ఆయన కత్తితో తాడు తెంచారు. చాప రెపరెపలాడింది, పడవ నిలబడింది. ఏడుస్తున్న నన్ను చూసి, "కట్టేస్తే బర్రె నిలబడతాదమ్మా, గాలి నిలబడతాదా?" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు పడవెక్కితే చాప తాడు పట్టేది నేనే. కొయ్యకున్న ముడి మాత్రం అలాగే ఉంది. దాన్ని విప్పడం మామయ్య వల్ల కూడా కాలేదు!