గుడ్డదేం తప్పు లేదు

టైలరక్కకి ఒక మంచి గుణం ఉంది. అబద్ధాలు చెబుతుంది. ఇదేం గుణమండీ అని మూతి తిప్పకండి, ఆ వీధిలో ఎవర్ని అడిగినా ఇదే మాట చెప్తారు, అదీ ముద్దుగా. పోయినేడు కుట్టించుకున్న జాకెట్టు ఈ ఏడు పట్టక, ఊపిరి బిగబట్టుకుని ఎవరైనా వచ్చారనుకోండి. ఆవిడ దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "ఉతికేసరికి గుడ్డ కుంచించుకుపోయిందమ్మా, పాడు గుడ్డలు!" అనేది. నువ్వు లావయ్యావు అన్న మాట ఆ కొట్లో ఏనాడూ వినబడలేదు. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ల గుడ్డ మిగిల్చి కుట్టడం ఆవిడ అలవాటు. పాత కుట్టు విప్పి, ఆ మిగులు వదిలితే బట్టా దక్కేది, మనిషి పరువూ దక్కేది.

ఆ అబద్ధం కొట్టు దాటి ఇంట్లోకి వస్తుందని మాత్రం ఆవిడ అనుకోలేదు.

ఇల్లు కొట్టు వెనకే. కొడుకు లారీ తీసుకుని వెళ్తే ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు, కాబట్టి ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. కోడలు ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. పొట్ట కనబడటం మొదలవగానే టైలరక్క ఆ పిల్లకి ఒక పచ్చ గౌను కుట్టింది, కాన్పు దాకా సరిపోయేంత వదులుగా. నెల తిరక్కుండానే అది పొట్ట దగ్గర బిగిసింది.

"ఇదేంటత్తయ్యా, నాతోపాటు ఇంకో మనిషి దూరేలా ఉండేది కదా!"

"గుడ్డ కుంచించుకుపోయింది తల్లీ, ఇలా ఇయ్యి."

అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది. కుట్టు విప్పుతుంటే మాత్రం గుర్తొచ్చింది. ఆ గుడ్డని తానే తడిపి, ఆరేసి, అప్పుడు కత్తిరించింది. ఇంకెక్కడ కుంచించుకుపోతుంది? పెరిగింది పొట్టే, అదీ పెరగాల్సినదాని కంటే ఎక్కువ.

టైలరక్క మొదటి కాన్పప్పుడు కూడా పొట్ట ఇలాగే గబగబా పెరిగింది. చూసినవాళ్లంతా ఒకటే వేళాకోళం. కవలలు ఖాయం అన్నారు, లోపల గుమ్మడికాయ దాచావా అన్నారు. ఒక్కరంటే ఒక్కరు, వెళ్లి చూపించుకోవే అనలేదు. తానూ మురిసిపోయి చిట్టి చొక్కాలన్నీ రెండేసి కుట్టుకుంది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పుట్టింది ఒక్కతే ఆడపిల్ల. ఉమ్మనీరు మరీ ఎక్కువైపోయింది, ముందే చూపించుకోవాల్సింది అన్నారు ఆసుపత్రిలో. ఆ పిల్ల ఆ పూట కూడా నిలవలేదు. తర్వాత కొడుకు పుట్టాడు, బతికి బట్టకట్టాడు, అది వేరే సంగతి. పుట్టబోయే బిడ్డకని టైలరక్క మళ్లీ సూది ముట్టుకోలేదు.

ఇంత జరిగిన మనిషి కోడల్ని అప్పుడే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాలా వద్దా? వెళ్లలేదు! "స్టూడియోలో పెళ్లిళ్ల పని ఊపిరాడనివ్వట్లేదు, ఈసారి చెకప్ కొంచెం ఆగి వెళ్దామా అత్తయ్యా?" అంటే, "అలాగేలే" అనేసింది. వేరేవాళ్ల కోడలైతే రెక్క పట్టుకుని తీసుకెళ్లేది. సొంత ఇంటి సంగతయ్యేసరికి, వినకపోతే నిజం కాదేమో అన్న పిచ్చి ఆశ. గౌను మళ్లీ బిగిసింది, ఆవిడ మళ్లీ విప్పింది, మళ్లీ గుడ్డనే తిట్టింది.

ఒక పొద్దున కోడలు మళ్లీ ఆ గౌను తెచ్చి మిషను మీద పెట్టింది. టైలరక్క తిరగేసి చూసింది. లోపల మిగులు లేదు, అంచున పోగులు వేలాడుతున్నాయి.

"పక్కన వేరే ముక్క కలుపుతారా?" అంది కోడలు.

టైలరక్క కత్తెర కింద పెట్టేసింది. "గుడ్డదేం తప్పు లేదే అమ్మాయ్. మొదట్నుంచీ నీకు అబద్ధమే చెప్పాను. నీ పొట్ట నేను అనుకున్నదానికంటే పెరిగిపోతోంది. నాకు భయంగా ఉంది." ఒక్క పూట కూడా నిలవని ఆ పిల్ల సంగతి కూడా అప్పుడే చెప్పింది.

కోడలు ఆ గౌను మిషను మీంచి తీసి మడతపెట్టింది. "గుడ్డ సంగతి నాకు తెలుసత్తయ్యా. తడిపిన గుడ్డ దండెం మీంచి తీసింది నేనే కదా."

"మరి నోరు మెదపవేం?"

"మీరు అంత తేలిగ్గా అనేస్తుంటే, ఏం లేదులే అని ధైర్యంగా ఉండేది. అడిగితే ఆ ధైర్యం పోతుందని..."

"ఇద్దరికీ కలిపి ఒక్క బుర్ర కూడా లేదు. చెప్పులేసుకో, పద!"

ఆసుపత్రిలో నర్సమ్మ కోడల్ని పడుకోబెట్టి టేపు తీసింది. టైలరక్క నడుం చుట్టూ తిప్పుతుందనుకుంది. నర్సమ్మ మాత్రం పొత్తికడుపు కింది ఎముక దగ్గర ఒక కొస పెట్టి, గర్భసంచి పై అంచు దాకా నిలువునా లాగింది.

"ఎన్ని వారాలైతే సుమారు అన్ని సెంటీమీటర్లు ఉండాలమ్మా. ఒకటి రెండు అటూ ఇటూ అయితే పట్టించుకోం. మీ అమ్మాయికి అంతకంటే ఎక్కువే ఉంది."

"అంటే బిడ్డకి ఏదైనా..." అంది టైలరక్క.

"అంటే లోపల ఒకసారి చూడాలని, అంతే. తేదీ లెక్క తప్పినా ఇలాగే వస్తుంది, కవలలైనా, బిడ్డ పెద్దదైనా, నీరెక్కువైనా ఇంతే. ఎందుకన్నది టేపుకి తెలీదు. స్కానింగూ రక్తపరీక్షా చేస్తే తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"తప్పు నాదేనమ్మా," అంది టైలరక్క.

పరీక్షలన్నీ అయ్యాక సంగతి తేలింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరట. అందుకే బిడ్డ పెద్దగా ఉంది, నీరు కూడా కాస్త ఎక్కువ చేరింది. తిండి అదుపులో పెట్టుకుని, చెప్పినప్పుడల్లా వచ్చి, కాన్పు పెద్దాసుపత్రిలో చేయించుకోమంది డాక్టరమ్మ. ఇంకా ఆలస్యం చేయకుండా వచ్చారు, బిడ్డ బాగుంది అంది. బాగుంది అన్న మాట వినగానే టైలరక్క బయట బెంచీ మీద కూలబడి భోరుమంది. "నాకూ ఎవరైనా ఒక్కసారి టేపు పెట్టుంటే బాగుండేది కదే!" అంది. కోడలు పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో పంచదార డబ్బా అటక మీదికెక్కింది. టైలరక్క తనూ చప్పటి టీయే తాగింది. కాన్పు దగ్గరపడ్డాక, కొడుకు పుట్టినప్పుడు కూడా చేయని పని చేసింది. తెల్ల గుడ్డ తడిపి, ఆరేసి, ఒక చిట్టి చొక్కా కుట్టింది.

పుట్టింది ఆడపిల్లే. ఏడుపుకి వార్డంతా అదిరిపోయింది. పిల్లని చేతికిచ్చాక టైలరక్క సంచీలోంచి చొక్కా తీసి తొడగబోతే, అది ఆ బొద్దు చేతికి ఎక్కనే లేదు.

"గుడ్డ కుంచించుకుపోయిందా అత్తయ్యా?" అంది కోడలు మంచం మీంచి, నీరసంగా నవ్వుతూ.

"గుడ్డకేమొచ్చింది? నా మనవరాలే పెద్దది!" అంది టైలరక్క, వార్డంతా వినబడేలా. "కంగారేం లేదు, లోపల మిగిల్చే కుట్టాను." విప్పుదామని చొక్కా తిరగేసింది గానీ, కళ్లనిండా నీళ్లు. కుట్టెక్కడుందో కనబడలేదు.