నాయన కారుకు షాఫ్టు కొలిచిన రోజు

మా చిన్నప్పుడు... నగరిలో మా ఇంటి ముందర మా నాయన బాడుగ కారు, పాత నల్ల అంబాసిడరు, వెనక చక్రాలు నేలకు ఆనకుండా రాళ్ల మీద ఎత్తిపెట్టి ఉండేది. బానెట్టు ఎత్తితే లోపల ఉత్త బొక్క.

పెట్రోలు పోసి తిప్పితే గిట్టుబాటు కాలేదని, నాయన మద్రాసు పాతసామాన్ల బజారులో ఏదో వ్యానుది డీజిలు ఇంజను పట్టుకొచ్చినాడు. పాత ఇంజను దించేసినాడు. అది దించిన వారానికే మా అమ్మ పోయింది... చానా నెలల జబ్బు. నాకప్పుడు పదేండ్లు, చెల్లికి ఆరు.

నేను ఏడవలేదు. ఏడవాలని తెలుసు... రాలేదు. చెవుల్లో దూది కుక్కుకున్నట్టు ఉండేది, అంతే. వచ్చినోళ్లంతా నన్ను పట్టుకోని ఏడుస్తా ఉంటే, వాళ్ల కొంగుల్లో వక్కాకు వాసన మాత్రం బాగా గుర్తుండాది.

నాయనా ఏడవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే పాత లుంగీ కట్టుకోని కారు కిందికి దూరినాడు. తిరుత్తణి నుంచి వచ్చిన మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అది చూసి మండిపోయినాడు.

“మా అక్క పోయి నెల గూడా కాలేదు... కంట్లో సుక్క నీళ్లు లేవు ఈ మనిషికి. రాయి గదా!” అన్నాడు మా అవ్వతో. అవ్వ నాయనను కన్నతల్లి. వక్క నములుతా, “ఏడ్సే మొగోణ్ణి నమ్మగూడదంటారు. ఏడవనోణ్ణి ఏం జెయ్యాల్నో ఎవురూ సెప్పలేదు కదప్పా” అనింది.

మామ ఊరుకోలేదు. కారు దగ్గరికే పోయినాడు. “బావా, బండేమో రాళ్ల మీద ఉండాది. రాబడి లేదు. ఆడపిల్లోళ్లను ఎట్ల సాకుతావు? ఆదివారం నేను తిరుత్తణికి పిలుచుకోని పోతా.”

“బండి నడిస్తే జరుగుతాది” అన్నాడు నాయన, కింది నుంచే.

“నడవకుంటే?”

నాయన స్పానరు ఇంకో నట్టు మీదికి మార్చినాడు. “పిలుచుకోని పో” అన్నాడు.

గడప మీద కూర్చోని విన్నాను. దడ పుట్టాల కదా... పుట్టలేదు. నా పావాడలు, చెల్లి గౌన్లు మడిచి చేతిసంచిలో పెట్టినాను.

ఇంజనైతే కూర్చునింది. చిక్కంతా షాఫ్టుతోనే. ముందర గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు కింద పోయే ఇనుప గొట్టం అది. ఇంజనుతో పాటు వచ్చిన గేరుబాక్సు పొడుగు, పాత షాఫ్టు పట్టలేదు. మెకానిక్ మస్తానన్న కొలత తీసుకోని, పుత్తూరు లేతు షాపులో దాన్ని కోయించి, అతికించి తెచ్చినాడు. ఒట్టి బండి చక్కగా పోయింది. మేమంతా ఎక్కి కూర్చుంటే మాత్రం కింద దబదబా కొట్టుకోని నిలబడిపోయింది.

మస్తానన్న నెత్తి కొట్టుకున్నాడు. “తప్పు నాదేన్నా. రాళ్ల మీద ఉండంగా కొలిస్తిని... ఇరుసు కిందికి వేలాడతా ఉండె. మనుషులెక్కితే స్ప్రింగు కమాన్లు అణిగి గొట్టం ఇరుక్కుంటా ఉండాది. ఇంకొంచెం కోయాల. ఈసారి బండి నిండా జనాన్ని కూర్సోబెట్టి కొలుస్తా.”

శనివారం పొద్దున... మా ఇంటోళ్లమే జనం. వెనక సీట్లో అవ్వ, నేను, మామ, మామ ఒళ్లో చెల్లి. స్టీరింగు ముందర నాయన. మస్తానన్న పురికొస పట్టుకోని కారు కిందికి దూరబోతా, “ముందర పక్కసీటు ఖాళీగా ఉండాది, మీ బామ్మర్దిని ఆడికి రమ్మనన్నా” అన్నాడు.

“అది ఆమె సీటు” అన్నాడు నాయన.

దిగి ఇంట్లోకి పోయినాడు. బియ్యం మూట భుజాన వేసుకోని వచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టినాడు. అవును... కూర్చోబెట్టినాడు. రెండడుగులు ఎనక్కి జరిగి చూసినాడు. మళ్లా మూట మూతి విప్పి, అవ్వను చాట అడిగి, పడితో బియ్యం తీసి దాంట్లో పోసినాడు. మూటను రెండు చేతుల్తో ఎత్తి చూసి, ఇంకా కొంచెం తీసినాడు.

“బరువుంటే మంచిదే గదన్నా, ఎందుకు తీస్తావు?” అన్నాడు మస్తానన్న.

“ఇంత లేదప్పా. చివర్లో బాగా చిక్కిపోయింది.”

మస్తానన్న తలొంచుకోని కిందికి దూరినాడు. నా పక్కన మామ, చెల్లి జడలో మొగం పెట్టుకోని వెక్కి వెక్కి ఏడ్చినాడు. నాయన స్టీరింగు ముందర కూర్చోని “ఊ... కొలువు” అన్నాడు. అప్పుడు గూడా నాకేం రాలేదు. మూట ఒక పక్కకు ఒరుగుతా ఉంటే, వెనక నుంచి చెయ్యి చాపి పట్టుకున్నాను.

సాయంత్రానికి షాఫ్టు మళ్లా కోయించి తెచ్చి బిగించినారు. అందరం ఎక్కి రైలుగేటు దాకా పోయి వచ్చినాం. ముందర ఇంజను గడగడ తప్ప, కింద ఏ చప్పుడూ లేదు.

ఆదివారం మామ ఒక్కడే బస్సెక్కినాడు. నాయన చెయ్యి పట్టుకోని, “పిల్లోళ్లు ఈడనే ఉండనీ బావా” అన్నాడు. నేను సంచిలో బట్టలు తీసి మళ్లా పెట్టెలో పెట్టుకున్నాను. సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. మధ్యాన్నం అవ్వ అన్నం వండింది, తిన్నాం.

ఆ కారు చానా ఏండ్లు తిరిగింది... తిరుపతికి, కాళహస్తికి, మా పెండ్లిండ్లకు. ఇప్పుడు చానా కార్లకు ఆ పొడుగు షాఫ్టే ఉండదంట. షెడ్డులో వదిలితే సాయంత్రం తాళం చేతిలో పెడతారు. ఇంటోళ్లను ఎక్కించి కొలిచే పనే లేదు.

నాయన పోయేదాకా అమ్మ గురించి ఆ పొద్దు అన్న రెండు మాటలు తప్ప ఇంకోటి మాట్లాడింది నేను వినలేదు. జబ్బున్నన్నాళ్లు ఆమెను మంచం మీంచి ఎత్తింది, దించింది ఆయనే... ఆమె ఎంత బరువుండిందో ఆయన చేతులకు తెలుసు. నాకు తెలీదు.

మీ నాయనోళ్లు ఎట్ల ఏడ్చినారో కింద రాయండప్పా... నాకు చదవాలని ఉండాది.