వెనక్కి తగ్గొద్దు, వైరుంది

మా బావ మైకుసెట్లు బాగుచేస్తాడు. పనయ్యాక మైకు పట్టుకుని "హలో, హలో" అనందే సెట్టును గడప దాటనివ్వడు. అందుకే వీధంతా ఆయన్ని హలోబావ అంటుంది. ఆ ఒక్క ముక్క తప్ప మైకులో ఏదీ మాట్లాడి ఎరగడు.

ధరల మీద ఊరంతా రోడ్డెక్కిన రోజు మేమిద్దరం సెట్టుతో లారీ చాటున ఉన్నాం. పోలీసులు లాఠీలు ఎత్తారు. జనం మా మీదకు ఒరిగారు. వాళ్ల కాళ్ల వెనకే అతుకులేసిన కరెంటు తీగ. బావ కంగారులో చేతిలోని మైకులోనే అరిచాడు: "వెనక్కి తగ్గొద్దు! వైరుంది!"

రెండో మాట గోలలో కొట్టుకుపోయింది. మొదటి మాటకు జనం నిలబడ్డారు. లాఠీలే వెనక్కి తగ్గాయి.

మర్నాటికి ఆ గొంతు ప్రతి ఫోనులోనూ మోగింది. మొహం ఎవరూ చూడలేదు. పోలీసులూ గొంతు కోసమే వెతుకుతున్నారని తెలిశాక బావ నోరు కట్టేసుకున్నాడు. మెడకు మఫ్లరు చుట్టి, నొప్పని సైగ చేసేవాడు.

"నోరా వీపుకు తేకే అంటారు. ఈయన నోరు ఊళ్లో లాఠీలన్నీ తెచ్చిపెట్టింది" అని అక్క నవ్వబోయి ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం పొట్టి క్రాపు మనిషొకడు సెట్టు తెచ్చాడు. అయ్యేదాకా కదల్లేదు. లోపల ఒకే తీగ ఊడింది, ఎవరో కావాలని తెంపినట్టు. బావ అతుకు వంకర పోకుండా వేశాడు. మైకును గోటితో గీశాడు. వీధివైపున్న హారన్ స్పీకరు బర్రుమంది.

"గోటితో కాదన్నా, గొంతుతో."

అక్క పరుగున వచ్చింది. "ఆయనకు గొంతు పట్టేసిందండీ. నేనంటాగా. హలో!"

"బాగుందమ్మా. బాగుచేసింది నువ్వు కాదుగా?"

బావ గొంతు సన్నం చేసి "హలో" అన్నాడు.

టీ బడ్డీ దగ్గర ఎవడో సంబరంగా కేకేశాడు. "ఒరేయ్, ఆ గొంతే! మన హలోబావే! వెనక్కి తగ్గొద్దు!" వీధి అందుకుంది. ఆ ప్రేమకు నాకు ఒళ్లంతా చెమట పట్టింది.

ఆ మనిషి లేచాడు. "సెట్టు బాగా పలుకుతోంది. బరువన్నా. వెనక సందు చివర జీపుంది, అక్కడిదాకా నువ్వే మోసుకురా."

బావ ముందు అతుకులేసే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకాడు. "కాలుతోంది బామ్మర్దీ. అక్కను ముట్టుకోనివ్వకు" అన్నాడు. సెట్టు భుజానికెత్తుకుని పెరటి దారిన అతని వెనక నడిచాడు.

కొట్టు ముందు జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. జీపు తలుపు మూసిన చప్పుడు వాళ్లకు వినపడలేదు.