పెత్రమాస నాడు మా ఇంట్లో రికార్డింగు

మొన్న హనుమకొండలో ఒక చేనేత ప్రదర్శనకు వెళ్లాను. మడతలు పెట్టి పేర్చిన జంపఖానాల మీదికి ఇలా వంగానో లేదో, నూలు దుమ్మూ ఉడికిన రంగూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది, పక్కనే మా ఆడపడుచు ఎరుపు బాగుందా పచ్చ బాగుందా అని అడుగుతున్నా నాకు వినపడకుండా పోయింది. ఆ వాసనలోనే పుట్టి పెరిగినదాన్ని నేను. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, నువ్వు కొత్త దుప్పటి లెక్క వాసనొస్తవే అనేది. ఈ వాసన తగిలితే నేతన్నల ఇళ్లలో పుట్టినవాళ్లకు మగ్గం గుర్తొస్తుంది, నాకైతే మగ్గంతో పాటు గిటారు కూడా గుర్తొస్తుంది. నవ్వుతారేమో, నవ్వండి, కాశిబుగ్గలో ఒకప్పుడు నవ్వనివాళ్లు లేరు.

కాశిబుగ్గలో మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది మగ్గానిది, వెనక గది మాది. మా బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే పొద్దుటి చాయ్ కూడా అక్కడికే వెళ్లేది. అమ్మ రంగు తొట్ల దగ్గర, బాపమ్మ చరఖా ముందు కండెలు చుట్టుకుంటూ ఉండేవాళ్లు. మా ఇల్లే కాదు, వీధి పొడవునా ఇంటింటా మగ్గం ఆడేది. వానాకాలంలో నూలు ఆరక ఇల్లంతా చెమ్మ, ఎండాకాలంలో దండేల మీద ఎర్ర నూలు, నీలి నూలు, వాటి కింద నీడలో మేము కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. ఎంత ఆడినా, ఎంత కొట్లాడినా, సకినాలు కరకరలాడించినా ఆ టకటకల మధ్యనే. నెలకొక్క అమావాస్య నాడు మాత్రం వీధి వీధంతా గప్‌చుప్. ఆ రోజు ఎవరూ మగ్గం ముట్టరు. బాపు గడ్డం గీయించుకుని మ్యాట్నీకి పోయేవాడు, బాపమ్మ మగ్గాన్ని తుడిచి పసుపూ కుంకుమా పెట్టేది, మాకు ఆ నిశ్శబ్దంలో చెవుల్లో ఏదో పోయినట్టు ఉండేది.

మా ఇంట్లోకి రాక్ పాటను తెచ్చింది అన్వర్ అన్న. మండిబజార్‌లో దర్జీ గారి అబ్బాయి, మా అన్న వేణుతో పాటు ఇంటర్ చదివేవాడు. వాళ్ల మేనమామ కువైట్ నుంచి తెచ్చిన సామానులో అట్ట లేని ఒక క్యాసెట్ దొరికింది. పాడేది ఎవరో తెలియదు, పాట పేరు తెలియదు, ఏ దేశమో కూడా తెలియదు. టేప్ రికార్డర్‌లో పెట్టగానే లోపలి నుంచి ఉరిమినట్టు గిటారు, దాని వెనక ఎవరో కోపంతో తలుపులు బాదుతున్నట్టు డ్రమ్ములు. మగ్గం మీద నుంచి బాపు తల తిప్పి, "ఏందిరా ఇది, ఆయనకు గొంతుల ముల్లు ఇరిగిందా?" అన్నాడు. మేము ముగ్గురం మాత్రం ఆ క్యాసెట్ చుట్టూ అలాగే కూలబడిపోయాం. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అంతకుముందు నాకు ఏదీ అంతగా నచ్చలేదు, ఆ తర్వాతా అంతగా నచ్చింది తక్కువే.

వేణు అన్న ఎక్కడో ఒక పాత గిటారు సంపాదించాడు. తెగిన తీగ స్థానంలో సైకిల్ బ్రేకు వైరు విప్పి కట్టాడు. క్యాసెట్‌లోని ఆ గరగర రావడానికి గిటారు పొట్టలో పాత హెడ్‌ఫోన్ ముక్క ఇరికించి, దాని వైరును మా ఇంటి చెడిపోయిన రేడియోకు కలిపితే, రేడియో గొంతు పగిలి, సరిగ్గా మేము కోరుకున్నంత అధ్వాన్నంగా మోగింది. డ్రమ్ములు నావి. రంగు కలిపే నీలం ప్లాస్టిక్ డ్రమ్మును బోర్లిస్తే పెద్ద డ్రమ్ము, నూనె రేకు డబ్బా లోపల నా చిన్నప్పటి గజ్జెలు వేస్తే చిన్న డ్రమ్ము, దూలానికి వేలాడదీసిన స్టీలు పళ్లెం తాళం. విరిగిన కండె పుల్లలే నా కర్రలు. ఎదురింటి అత్త వచ్చి, "ఆడివిల్లతోని గీ డబ్బాలు కొట్టిచ్చుడేంది?" అంటే, బాపు పని ఆపకుండానే, "చేతులున్నయి, కొడ్తాంది. నీకేమాయె?" అన్నాడు. ఆయనకు ఆ పాటంటే ఇష్టం లేదు, నేనంటే ఇష్టం, అంతే తేడా.

ఆ ఎండాకాలమంతా ఒక్క పాటే నేర్చుకున్నాం. క్యాసెట్ ముందుకు, వెనక్కు, మళ్లీ వెనక్కు. టేపు చుట్టుకుపోతే పెన్సిల్ దూర్చి తిప్పడం, మళ్లీ వినడం. అన్వర్ అన్నకు మాటలు సగం అర్థమయ్యేవి, మిగతా సగం నోటికి ఎలా తిరిగితే అలా పాడేవాడు, ఎలా పాడినా ప్రాణం పెట్టి పాడేవాడు. మామిడి రసం కారుతున్న చేతులతోనే తీగలు మీటి వేణు అన్న చేత తిట్లు తిన్నాడు. బాపుకు చేనేత సొసైటీ ఆర్డరు ఉండేది కాబట్టి మా కోసం మగ్గం ఆగేది కాదు, ఆయన నేస్తూ ఉంటే ఆ పక్కనే మేము వాయించేవాళ్లం. మా పాట అసలు పాట కంటే కాస్త నెమ్మదిగా నడిచేది. మా వేళ్లకు ఇంకా వేగం రాలేదని సరిపెట్టుకున్నాం. ఏమైనా నా తాళం తప్పేది కాదు. "లత గడియారం యార్" అని అన్వర్ అన్న అంటే రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

వానలు వెనకబట్టే కాలానికి ఒక కబురు వచ్చింది. ఊళ్లోని ఒక ఇంజినీరింగు కాలేజీలో దసరా తర్వాత పాటల పోటీ, బయటివాళ్లు కూడా రావచ్చు, కాకపోతే ముందుగా క్యాసెట్ ఇవ్వాలి, అది నచ్చితేనే స్టేజీ మీదికి పిలుస్తారు. వెంటనే మా టేప్ రికార్డర్‌లో రికార్డు చేసి చూస్తే పాట కంటే మగ్గం చప్పుడే ఎక్కువ. మా మగ్గం ఆపితే పక్కింటిది, అది ఆపితే ఎదురింటిది. వీధినంతా ఆపడానికి మేమెవరం? వేణు అన్న క్యాలెండర్ చూశాడు. క్యాసెట్ ఇవ్వాల్సిన గడువుకు ముందు రోజే పెత్రమాస, పెద్దలకు పెట్టే అమావాస్య. వీధి మొత్తం నోరు మూసుకునే రోజు. పైగా సాయంత్రం నుంచి ఎంగిలిపూల బతుకమ్మ మొదలై మైకులు మోగుతాయి కాబట్టి, పొద్దున నుంచి పొద్దు వాలే దాకానే మాకు చిక్కిన సమయం.

ఆ పొద్దున బాపమ్మ పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి వచ్చింది. అమ్మ గారెలు వండుతుంటే ఆ నూనె వాసన, గుమ్మంలో గంపకు ఎత్తిన తంగేడు, గునుగు పూల పచ్చి వాసన ఇంటి నిండా. మేము అమ్మకానికి సిద్ధంగా ఉన్న జంపఖానాలన్నీ మోసుకొచ్చి ముందు గదిలో గోడలకు, కిటికీకి, తలుపుకు వేలాడదీశాం. వాయించిన శబ్దం వాయించినట్టే మెత్తగా పడుతోంది. వేణు అన్న ఎర్ర మీట నొక్కాడు. నేను మొదలుపెట్టాను.

మొదలుపెట్టాను గాని, పాట సగానికి రాకముందే ఉరకడం మొదలైంది. ఆపి మళ్లీ. ఈసారి జాగ్రత్తపడితే ఈడ్చుకుపోయింది. మళ్లీ. మళ్లీ. చేతులు నావే, డబ్బాలు నావే, కాలి కింద నేల మాత్రం జారిపోతున్నట్టుంది. గారెలు చల్లారిపోయాయి. అన్వర్ అన్న గొంతు బొంగురుపోతోంది. చివరికి వేణు అన్న నా వైపు చూడకుండానే, "చెల్లె, డ్రమ్ములు లేకుంట చేద్దాం. గిటారు, పాట చాలు" అన్నాడు. అతని తప్పు లేదు, పొద్దు అప్పటికే తిరిగింది. కాని ఎండాకాలమంతా నాదైన పాటలోంచి నన్ను తీసేస్తున్నారు. నేను కర్రలు కింద పెట్టి, ఏడుస్తున్నట్టు కనపడకుండా పళ్లెం సరిచేస్తూ నిలబడ్డాను.

"ఒక్కపారి పాతది ఇందాం, ఆనాడెట్ల కొట్టిందో" అన్నాడు అన్వర్ అన్న. మగ్గం చప్పుడుందని పక్కన పడేసిన క్యాసెట్ పెట్టాడు. అందులో నా తాళం రాయిలా ఉంది. అన్వర్ అన్న ముందుకు వంగి, చెయ్యి పైకెత్తి, "ఆగుండ్రి, ఆగుండ్రి. లత ఒక్కతే కొడ్తలేదు. మీ బాపు గూడ కొడ్తాండు!" అని అరిచాడు. నిజమే. మగ్గం చెక్క వచ్చి నేతకు కొట్టుకున్న ప్రతిసారీ నా పెద్ద డ్రమ్ము. ఒక్కటి తేడా లేదు. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు మీదే నడిచాను, తిన్నాను, ఆడాను, దాని మీదే డ్రమ్ము కూడా నేర్చుకున్నాను. ఆ సంగతి నాకే తెలియదు! మగ్గం వద్దని ఏరికోరి అమావాస్య తెచ్చుకున్న తెలివిగలవాళ్లం మేము.

ఇంకేం, బాపును కూర్చోబెట్టాలి. కాని అది పెత్రమాస. బాపు మ్యాట్నీకి కూడా పోకుండా మా అవస్థ చూస్తూ గుమ్మంలోనే ఉన్నాడు, ఉండీ తల అడ్డంగా ఊపి, "మా అమ్మను అడుగుండ్రి" అన్నాడు. బాపమ్మ విని చెంపలు వేసుకుంది. "ఏడాదికొక్క దినం పెద్దలు ఇంటికొస్తరు. ఇయ్యాల మగ్గం ముడ్తరారా?" అంది. వేణు అన్న బతిమాలాడు. అన్వర్ అన్న, "ఒక్క పాటనే బాపమ్మా, జర" అన్నాడు. నాకు మాత్రం అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చింది.

బాపమ్మ నన్ను చూసింది. లేచి, జంపఖానా తెర తప్పించుకుని లోపలికి వచ్చి, మగ్గం మీద చెయ్యి పెట్టకుండా వంగి చూసింది. ముందు రోజే బట్ట కోసేశారు, కొత్త పడుగు ఇంకా ఎక్కించలేదు.

"దీని మీద పోగున్నదా?" అంది బాపుతో.

"లేదే."

"పోగు లేకుంటె నేతెట్లయితది? ఉత్త కట్టె. కొట్టుకో. నాడెల కండె పెట్టి పోగు ఏసినవంటె మాత్రం ఊకోను." మళ్లీ తనలో తాను అనుకున్నట్టు, "మీ తాత ఇంటికొచ్చి ఉంటె, ఈ సప్పుడు లేకుంట ఆయనకు బువ్వెక్కడ తినబుద్ధయితది" అంది.

బాపు గుంటలోకి దిగాడు. కాని పోగు లేని మగ్గం తేలిక, అది ఆయన చేతికి ముందే ఉరుకుతోంది. పైగా రికార్డు అవుతోందని తెలిసి మనిషి కొయ్యలా బిగుసుకుపోయాడు. ఎన్నాళ్లుగానో చేస్తున్న పని ఒక ఎర్ర దీపం వెలిగే పెట్టె ముందు ఆయనకు చేత కాలేదు! "పాటను ఇనకు, మెల్లగ ఎర్ర అంచు మీద మనసు పెట్టు" అని బాపమ్మ గద్దించింది. ఆయన కళ్లు మూసుకుని, లేని పోగులను లెక్కలోకి తెచ్చుకుని, ఎర్ర, ఎర్ర, నల్ల అని గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. అదీ మా ఇంటి నడక. నా కాలి కింద నేల తిరిగొచ్చింది. నేను కొట్టాను. వేణు అన్న తీగలు మీటాడు, రేడియో గర్జించింది, అన్వర్ అన్న మిగిలిన గొంతంతా ఖర్చుపెట్టి పాడాడు. చివరి దెబ్బ పళ్లెం మీద పడ్డాక ఎవరూ కదలలేదు, మీట పైకి లేచిన చప్పుడు విన్నాకే ఒకరి మీద ఒకరు పడి అరిచాం. తెర తొలగిస్తే గుమ్మం ముందు బతుకమ్మలు ఎత్తుకున్న ఆడవాళ్లు, లోపల ఏదో అవుతోందని పాట ఎత్తుకోకుండా మా కోసం ఆగి ఉన్నారు. వాళ్లలో ఎదురింటి అత్త కూడా ఉంది.

క్యాసెట్ నచ్చింది. పిలుపు వచ్చింది. వెనక వినపడే ఆ వాయిద్యం ఏదో దాన్ని కూడా తీసుకురండి అని కబురు చేశారు కాలేజీ పిల్లలు. గుంట మగ్గాన్ని పెకిలించుకుని ఎక్కడికి పోతాం? స్టేజీ మీద మగ్గం లేకుండానే వాయించాలి. నా భయం చూసి బాపు, "ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను ముంగట్నే కూసుంట. నా కాళ్లు సూడు" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. అంత జనంలో, అన్ని లైట్లలో నేను చూసింది రెండు పాదాలనే. మగ్గం తొక్కినట్టే ఒకటి దిగుతోంది, ఒకటి లేస్తోంది. పాట అయ్యాక వచ్చిన ఈలలకు నా రేకు డబ్బా దానంతటదే మోగింది. మళ్లీ వాయించమన్నారు. వాయించాం. మొదటి బహుమతి మాకే ఇచ్చారు. నీలం డ్రమ్మును ఆటో మీద కట్టుకుని కాశిబుగ్గకు తిరిగొస్తుంటే, చప్పుడు విని మగ్గాలు ఆపి బయటికొచ్చిన వీధిని చూసి, ఈ లోకంలో మా అంత గొప్పవాళ్లు లేరనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు లేవు. పెంకుటిళ్లు పోయి మేడలు వచ్చాయి, కింద మొబైల్ షాపులు, పైన అద్దెకున్న పిల్లలు. మా వీధికి ఇప్పుడు నెలంతా అమావాస్యే. బాపమ్మ లేదు. అన్వర్ అన్న వాళ్ల దర్జీ దుకాణమే చూసుకుంటున్నాడు, బట్టలు కుడుతూ ఆ పాటే కూనిరాగం తీస్తాడట. వేణు అన్న కూతురు గదిలో కూర్చుని ఫోన్లోనే గిటారు రికార్డు చేస్తుంది, తాళం కూడా ఫోనే వేస్తుంది, బాగా వాయిస్తుంది కూడా. ఆ పిల్లే పోయిన నెల మా పాత క్యాసెట్‌ను ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది.

ప్రదర్శన నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం దాన్ని బాపు చెవి దగ్గర పెట్టాను. మోకాళ్ల నొప్పులతో మంచం దిగడం తగ్గించాడు గాని చెవులు పదునే. పాట పూర్తయ్యే దాకా విన్నాడు. పూర్తయ్యాక పక్కకు తిరిగి, "ఆ పోరడు ఏం పాడిండో ఇప్పటికీ సమజ్ కాలే గని బిడ్డా, నేత మాత్రం గట్టిగ వడ్డది" అన్నాడు.